కీమో పక్కన కషాయం: పాత కథకు ఒక సవరణ

రొమ్ము క్యాన్సర్‌కు కీమో చేయించుకునేవాళ్ల బాధలను చైనావాళ్లు వేల ఏళ్ల నాటి మూలికలతో తగ్గిస్తున్నారని మన ఆరోగ్య శీర్షికల్లో తరచూ చదువుతుంటాం. కానీ కీమో వయసే ఎనభై ఏళ్ల పైచిలుకు. 1942లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో తొలి కీమో మందు నైట్రోజన్ మస్టర్డ్ తొలి రోగికి ఎక్కింది. పుట్టని మందుకు విరుగుడు ప్రాచీన గ్రంథంలో ఎక్కడుంటుంది? వేర్లు పాతవే, వాటికి అప్పగించిన పని కొత్తది.

ఆ పని అప్పగించింది రుషులు కాదు, సర్కారు. 1950ల్లో మావో ప్రభుత్వం సంప్రదాయ వైద్యాన్ని ఆసుపత్రుల్లోకి తెచ్చింది. 1955లో బీజింగ్‌లో దానికో అకాడమీ పెట్టి, ఆధునిక డాక్టర్లను కూడా మూలికలు నేర్చుకొమ్మంది. ఇందులో దేశాభిమానం ఎంతో, డాక్టర్ల కొరతా అంతే. సెలైన్ సీసా, కషాయం గిన్నె ఒకే వార్డులో చేరాకే, ఒంటి సత్తువను నిలబెట్టే ‘ఫుజెంగ్’ పద్ధతి క్యాన్సర్ వైద్యంలో స్థిరపడింది. బీజింగ్ వైద్యుడు సున్ యాన్ అమెరికా వైద్యులతో కలిసి 1983లో హువాంగ్ ఛి అనే చిక్కుడు కుటుంబపు వేరు మీద ఫలితాలు ప్రచురించాడు. అయితే అవి రోగనిరోధక కణాల సంగతి చెప్పాయే తప్ప, రోగికి వాంతులు తగ్గాయో లేదో చెప్పలేదు. వైద్య పరీక్షలను కలిపి తూచే కోక్రేన్ సమీక్షకు 2007లో రొమ్ము క్యాన్సర్ కీమో బాధలకు మూలికల మీద దొరికినవి 7 పరీక్షలు, 542 మంది రోగులు, అన్నీ చైనాలోవే. మేలు ఉండొచ్చుగానీ ఆధారం చాలదని తేల్చారు. అర్ధశతాబ్దపు ప్రాపకానికి పంట పలచనే.

మన కథ ఇంకోలా నడిచింది. మెథోట్రెక్సేట్ అనే కీమో మందు పుట్టిన అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలను నడిపినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికా వెళ్లకముందు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పాడు. 1976లో మిలాన్‌లో వైద్యుడు బొనడోనా రొమ్ము క్యాన్సర్ మీద ఫలితం చూపిన మూడు మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. రెండు వైద్యాలూ ఎరిగిన మనిషి మనకున్నాడు, ఆ రెంటినీ ఒక వార్డులో కలిపే ఏర్పాటే లేకపోయింది. బొబ్బిలి నుంచి రైలెక్కి విశాఖలో కీమో చేయించుకున్న మనిషి ఇంటికొచ్చి ఏం తాగుతుందో ఏ కేస్‌షీట్‌కూ ఎక్కదు.

శొంఠి తాగితే నాకు అభ్యంతరం లేదు. 576 మందిపై జరిగి 2012లో అచ్చయిన అమెరికా పరిశీలనలో, వాంతుల మందులతోపాటు రోజుకు అర గ్రాము నుంచి గ్రాము శొంఠి ఇస్తే తొలిరోజు వికారం తగ్గింది. మోతాదు పెంచితే లాభం పెరగలేదు. పసుపు సంగతి అలా కాదు. అందులోని కర్క్యుమిన్‌ను ఎలుకలకు మేతలో పెడితే, రొమ్ము కణితి మీద సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు దెబ్బ తగ్గిందని 2002లో ప్రయోగశాలలో తేలింది. ఎలుకల ఫలితం మనుషులకు నేరుగా వర్తించదు, నిజమే. కూరలో చిటికెడు పసుపుకు భయపడనక్కర్లేదు. కీమో రోజుల్లో గుప్పెడు పసుపు మాత్రలు మింగడం మాత్రం నాకు నచ్చని పని.

అందుకే డాక్టరుబాబులకు ఒక మనవి. మందు ఎక్కించేముందు రక్తకణాల కౌంటు ఎంతుందో చూస్తారు కదా, ‘ఇంట్లో ఏ పసరు తాగుతున్నావమ్మా?’ అని కూడా అడిగి, కసురుకోకుండా రాసుకోండి.