నమ్మదగనివారిని సూచించే తెలుగు జాతీయాలు

నమ్మదగనివారిని సూచించే జాతీయాలు తెలుగులో విస్తారంగా ఉన్నాయి. పైకి మంచిగా కనిపించి కీడు తలపెట్టేవాడు, తిన్నింటికే ద్రోహం చేసేవాడు, అప్పు ఎగవేసేవాడు - ఒక్కొక్కరికి ఒక్కొక్క పలుకుబడి ఉంది. వీటిలో కొన్నింటికి మూలమైన గాథలు, ఆచారాలు ఖమ్మం, భద్రాచలం అటవీప్రాంతంతో ముడిపడి ఉన్నాయి.

'''వేషధారులు'''

మేకవన్నె పులి, గోముఖ వ్యాఘ్రం, పయోముఖ విషకుంభం, తేనె పూసిన కత్తి అనేవి దాదాపు ఒకే అర్థం కలవి. చీనాభాషలో కూడా 'నోట తేనె, కడుపులో కత్తి' అనే జాతీయం ఉంది. ఇది టాంగ్ వంశకాలపు మంత్రి లీ లిన్‌ఫూ గురించి పుట్టినది. కాంటనీస్ వాడుకలో ద్రోహిని 'రెండు-అయిదు కుర్రాడు' అని అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. ఆషాఢభూతి పంచతంత్రంలోని పాత్ర. శిష్యుడిగా చేరి గురువు ధనాన్ని అపహరించాడు.

భద్రాచలానికి సుమారు 35 కి.మీ. దూరంలోని పర్ణశాల సీతాపహరణం జరిగిన చోటని స్థలపురాణం. దొంగ సన్యాసి, మాయలేడి అనే మాటలు వినగానే స్ఫురించేది ఈ ఘట్టమే. 'ఇంటిగుట్టు లంకకు చేటు' అనే సామెత విభీషణుని ఉద్దేశించినది. ధర్మపక్షం వహించినవాని కథ గుట్టు బయటపెట్టేవారికి ఉపమానం కావడం విచిత్రమే.

'''దేవాలయం నుండి వచ్చినవి'''

శఠగోపం పెట్టడం, పంగనామాలు పెట్టడం అంటే మోసగించడం, ముఖ్యంగా తీసుకున్న సొమ్ము ఎగవేయడం. భద్రాచలం వంటి వైష్ణవాలయాలలో భక్తుని తలపై శఠగోపం ఉంచడం స్వామి పాదాల ఆశీస్సు. ఊర్ధ్వపుండ్రం పవిత్ర చిహ్నం. వాడుకలో రెండూ నిందలైనాయి. సంస్కృతంలో 'శఠ' శబ్దానికి వంచకుడనే అర్థం ఉండడం ఇందుకు తోడ్పడి ఉండవచ్చు.

నేలకొండపల్లిలో జన్మించిన కంచర్ల గోపన్న 17వ శతాబ్దంలో పాల్వంచ పరగణా తహసీల్దారు. వసూలైన శిస్తు సొమ్మును భద్రాచల ఆలయ నిర్మాణానికి వెచ్చించి గోల్కొండలో చెరసాల పాలైనాడు. ప్రభుత్వ దృష్టిలో అది నమ్మకద్రోహం. ప్రజలు మాత్రం ఆయనకు నామం పెట్టినవాడనే పేరు తగిలించలేదు, రామదాసు అన్నారు.

'''ఇతర జాతీయాలు'''

తడిగుడ్డతో గొంతు కోయడమంటే చప్పుడు లేకుండా, మెత్తగా ముంచడం. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం కృతఘ్నతను, శల్యసారథ్యం వెంట ఉండి ధైర్యం చెడగొట్టడాన్ని తెలుపుతాయి. గోడమీద పిల్లిని కూడా పలువురు ఈ కోవలో చేరుస్తారు. నిజానికి ఆ పిల్లి ఇంకా ద్రోహం చేయలేదు. ఎటు దూకితే లాభమో చూస్తున్నది.