పునాది ఎన్ని అంతస్తులకి?

మన ఊళ్ళలో ఎవరైనా కొత్త ఇల్లు కట్టుకుంటే, గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "పునాది ఎన్ని అంతస్తులకి వేశావు?" అని. తెనాలిలో మా నాన్నగారు 1984లో డాబా వేసినప్పుడు, "మూడంతస్తులకి వేశాం" అని గర్వంగా చెప్పేవారు. దానికి సాక్ష్యంగా డాబా మీద స్తంభాల ఊచలు పైకి పొడుచుకుని ఉండేవి. అమ్మ వాటికి దండెం కట్టి బట్టలు ఆరేసేది.

లండన్ వచ్చిన ఇరవై రెండేళ్ళకి అదే ప్రశ్న నన్ను వెతుక్కుంటూ వచ్చింది. మాది 1960లలో కట్టిన నాలుగంతస్తుల భవనం, మొత్తం పదహారు ఫ్లాట్లు. మేముండేది పై అంతస్తులో. ఇక్కడ ఫ్లాటు మనది అంటాం గానీ, నిజానికి మన చేతిలో ఉండేది లీజు. నేల, గోడలు, కప్పు ఫ్రీహోల్డరువి. ఆ ఫ్రీహోల్డరు నుంచి ఒకరోజు ఉత్తరం వచ్చింది. కప్పు మీది ఖాళీని, రెండంతస్తులు కట్టుకునే హక్కుతో సహా, అమ్మదలచుకున్నామని సారాంశం. మా ఆవిడ చదివి, "అంటే మన నెత్తిన ఇళ్ళు కడతారా?" అంది. ఆ ఉత్తరానికి జవాబు రాయడానికి చదువుతూ పోతే నాకు తెలిసిన చరిత్రే ఈ రోజు మీకు చెబుతాను.

1666లో లండన్ తగలబడిపోయింది. మరుసటి ఏడు, 1667లో, పార్లమెంటు ఒక చట్టం చేసింది. కొత్త ఇళ్ళు ఇటుకతోనో రాతితోనో కట్టాలి, ఏ వీధిలో ఎన్ని అంతస్తులు ఉండాలి, ఏ అంతస్తు దగ్గర గోడ ఎంత మందం ఉండాలి, అన్నీ అందులో రాశారు. రెండిళ్ళ మధ్య ఉమ్మడి గోడ ముందు కట్టినవాడికి, తర్వాత కట్టుకునే పొరుగువాడు సగం ఖర్చు వడ్డీతో ఇవ్వాలన్నారు. ఇవన్నీ కొలిచి, హద్దులు పాతి, తగవులు తీర్చడానికి నగరం సర్వేయర్లను పెట్టింది. వాళ్ళలో ఒకాయన రాబర్ట్ హుక్. అవునండీ, మనం ఫిజిక్సులో చదువుకున్న హుక్ సూత్రం ఆయనదే. బరువు పెరిగేకొద్దీ స్ప్రింగు ఎంత సాగుతుందో లెక్క చెప్పిన మనిషే, కాలిన వీధుల్లో పునాదులకు మేకులు పాతించాడన్నమాట.

తర్వాత వెలుతురు గొడవ వచ్చింది. 1832 నాటి చట్టం ప్రకారం, ఒక కిటికీకి ఇరవై ఏళ్ళు ఆటంకం లేకుండా వెలుతురు వస్తే ఆ వెలుతురు మీద హక్కు ఏర్పడుతుంది. పైకి కట్టాలనుకునేవాడు ఎదుటివాడి కిటికీ వైపు కూడా చూడాల్సిందే. 1868లో సర్వేయర్లందరూ కలిసి లండన్‌లో ఒక సంస్థ పెట్టుకున్నారు. ఈనాటి రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ చార్టర్డ్ సర్వేయర్స్ అదే. ఉమ్మడి గోడల వ్యవహారానికి ఇంగ్లండ్, వేల్స్ అంతటికీ వర్తించే చట్టం మాత్రం 1996లో గానీ రాలేదు.

ఇక అసలు గుండెలు అదిరే సంగతి. ఈస్ట్ హామ్‌లో ఉండే మనవాళ్ళకి కానింగ్ టౌన్ తెలుసు కదా, అదే న్యూహామ్‌లో ఉంది. అక్కడ 1968లో రోనన్ పాయింట్ అని 22 అంతస్తుల భవనం కట్టారు. ఫ్యాక్టరీలో పోతపోసిన కాంక్రీటు పలకలను క్రేన్‌తో ఎత్తి, ఒకదానిమీద ఒకటి పేర్చినది. భవనం తెరిచి సుమారు రెండు నెలలే అయింది. మే 16న తెల్లవారుజామున 18వ అంతస్తులో గ్యాస్ పేలింది. పేలుడు పెద్దది కాదు. కానీ ఒక గోడ పలక జరిగితే, దానిమీద ఆనుకున్న పై అంతస్తులు కూలి, ఆ బరువుకు కింది అంతస్తులూ వరసగా కూలిపోయాయి. ఒక మూల మొత్తం పోయింది, నలుగురు చనిపోయారు. 1986లో ఆ భవనాన్ని విప్పదీసినప్పుడు, కాంక్రీటు ఉండాల్సిన అతుకుల్లో వార్తాపత్రికలు దొరికాయి.

దాంతో 1970లో నిబంధనలు మారాయి. అయిదు, అంతకు మించిన అంతస్తుల భవనాల్లో ఒకచోట దెబ్బతింటే మిగతాదంతా కూలకూడదు అన్నారు. ఈనాటికీ ఫ్లాట్లకు ఆ గీత నాలుగు దగ్గరే ఉంది. నాలుగు మీద ఒక్కటి వేసినా కఠినమైన తరగతిలోకి పోతాం. మా భవనం సరిగ్గా నాలుగు!

మరి ఇప్పుడెందుకు అందరూ కప్పుల మీద పడ్డారు? ఇళ్ళ కొరత. 2020 ఆగస్టు నుంచి ఇంగ్లండ్‌లో, 1948 జూలైకి 2018 మార్చికి మధ్య కట్టిన విడి ఫ్లాట్ల భవనాల మీద, కొన్ని షరతులతో, మామూలు ప్లానింగ్ దరఖాస్తు లేకుండానే రెండంతస్తుల దాకా వేసుకోనిచ్చారు. కౌన్సిల్ ముందస్తు ఆమోదం మాత్రం కావాలి. ఇంకోపక్క 2017లో గ్రెన్‌ఫెల్ మంటల్లో 72 మంది పోయాక, 2022లో భవన భద్రతా చట్టం వచ్చింది. 18 మీటర్లు లేక ఏడంతస్తులు, లేదా అంతకు మించి ఉంటే ఆ చట్టం చూపు ఇంకా తీక్షణంగా ఉంటుంది.

ఇక మా కథ. 1987 చట్టం ప్రకారం ఇలాంటి అమ్మకం ముందు మాకే చూపించాలి. సగం ఫ్లాట్లకు మించి ఒప్పుకుంటే మేమే కొనుక్కోవచ్చు, ఆలోచించుకోవడానికి కనీసం రెండు నెలలు. (ఫ్రీహోల్డరు అమ్మకుండా తానే కట్టుకుంటే ఈ హక్కు పనికిరాదు, గుర్తుంచుకోండి.) నిజం చెప్పొద్దూ, నాకూ ఆశ పుట్టింది. మనమే కొని, రెండంతస్తులు వేసి, అమ్ముకుంటే అప్పులన్నీ తీరిపోతాయని లెక్కలు వేశాను. ఇంటింటికీ తిరిగి పది సంతకాలు నేనే తెచ్చాను.

కింది అంతస్తులో ఉండే ఒక పెద్దావిడ మాత్రం, "పునాది చూశారా?" అని అడిగింది. తెనాలి గుర్తొచ్చి నవ్వొచ్చింది గానీ, అందరం చందాలేసుకుని సర్వేయరును, ఆయనతో పాటు స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిచాం. వాళ్ళు లేజరుతో భవనమంతా కొలిచారు. స్లాబులో ఊచలు ఎక్కడున్నాయో మీటరుతో వెతికారు, కాంక్రీటు ముక్కలు తొలిచి పరీక్షకు పంపారు. మూలన గొయ్యి తవ్వించి పునాది చూశారు. పాత ప్లాన్‌లో ఉన్నంత లోతు అక్కడ లేదు.

ఇంజినీరు నాకు అర్థమయ్యేలా చెప్పాడు. ఎవరూ ఎక్కని కప్పుకు చదరపు మీటరుకు సుమారు 60 కిలోల భారం లెక్కేస్తారు. మనుషులు కాపురముండే నేలకు సుమారు 150 కిలోలు, గోడల బరువు వేరే. తేలిక ఉక్కు చట్రంతో, బరువును కింది గోడల మీదికి మళ్ళిస్తే, ఒక అంతస్తు కుదరొచ్చు. రెండు మాత్రం వద్దన్నాడు. ఆ కాగితం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ సంతకాలు తెచ్చింది నేను.

చివరికి ఆ హక్కు మేమే కొన్నాం. ఏమీ కట్టలేదు. ముందు కప్పు కారకుండా బాగు చేయించుకున్నాం.

మొన్న తెనాలి నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు, మేడ వేద్దామంటున్నాడు. మేస్త్రీ సుత్తితో కొట్టి చూసి, "రెండేసినా కదలదు" అన్నాడట. నాన్నగారు లేరు. ఊచలు నలభై ఏళ్ళు వానలో తడిశాయి. మూలన గొయ్యి తవ్వించి, ఇంజినీరుకు చూపించి, అప్పుడు మాట్లాడదామన్నాను. "నాన్న మాట మీద నమ్మకం లేదా అన్నయ్యా?" అన్నాడు. ఉంది. అయినా తవ్వించమన్నాను.

మీకూ అలాంటి ఉత్తరం వస్తే పక్కన పడేయకండి, తారీఖు చూసుకోండి.