నెల్లూరు ముట్టడి (1757)

నెల్లూరు ముట్టడి అంటే 1757 మే నెలలో ఈస్టిండియా కంపెనీ సేన నెల్లూరు కోట మీద చేసి విఫలమైన దాడి. తగవు ఇద్దరు సోదరులది. ఒకరు ఆర్కాటు నవాబు మహమ్మదాలీ, మరొకరు నెల్లూరును ఏలుతున్న నజీబుల్లా. అందులో ప్రాణాలొడ్డింది మాత్రం ఎక్కడెక్కడి వాళ్లో: ఇంగ్లీషువాళ్లు, ఫ్రెంచివాళ్లు, ఆఫ్రికా వాళ్లు.

1749లో ఆంబూరు యుద్ధంలో తండ్రి అన్వరుద్దీన్ చనిపోయాక, మహమ్మదాలీ ఇంగ్లీషువారి అండతో నవాబయ్యాడు. ఆ యుద్ధాల ఖర్చు కింద కంపెనీకి బాకీ పడ్డాడు. కాబట్టి నవాబుకు కట్టాల్సిన కప్పాన్ని నజీబుల్లా ఎగ్గొడితే ఆ దెబ్బ మద్రాసులోని కంపెనీకీ తగిలింది. కంపెనీ సేనాని రాబర్ట్ క్లైవ్ అప్పటికే మద్రాసు సైన్యంలో పెద్ద భాగాన్ని బెంగాలుకు తీసుకుపోయాడు. అక్కడివాళ్లు దక్షిణాది సిపాయిలను ‘తిలంగాలు’ అనేవారు. ఇక్కడి మనుషులు అక్కడి యుద్ధానికి వెళ్లిన కాలంలోనే, పరాయి దేశాలవాళ్లు నెల్లూరున్న పెన్న ఒడ్డుకు వచ్చారు.

నజీబుల్లా మీదికి కంపెనీ పంపిన కల్నల్ ఫ్రాన్సిస్ ఫోర్డు వెంట సుమారు 100 మంది యూరోపియన్లు, 50 మందికి పైగా ఆఫ్రికన్లు, 300 మంది సిపాయిలు నడిచారు. ఫిరంగులూ సామాను కృష్ణపట్నం రేవులో దిగాయి. నవాబు సేన కూడా కలిసింది. కోట లోపల నజీబుల్లా మనుషులకు తోడు మచిలీపట్నం నుంచి వచ్చిన కొద్దిమంది ఫ్రెంచి సైనికులున్నారు.

కోట గోడ మట్టిది. ఆ కాలపు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ దాని కట్టుబడిని శ్రద్ధగా వర్ణించాడు. గోడ పెట్టేటప్పుడే తడి మట్టిలో కాల్చిన మట్టి గొట్టాలను వరసగా పరిచేవారు. గోడ ఆరేసరికి అవే తుపాకులు పేల్చే కన్నాలయ్యేవి. ఫిరంగులు ఈ గోడకు గండి కొట్టాయి గానీ, ఎక్కి లోపలికి దిగడం సాగలేదు. ముందు నడిచిన సిపాయిలు కందకం దగ్గరే ఆగిపోతే, ఆఫ్రికన్లూ యూరోపియన్లూ గండి దాకా వెళ్లి, చాలామందిని పోగొట్టుకుని వెనుదిరిగారు. కంపెనీ ఆఫ్రికన్లను మడగాస్కర్ వంటి చోట్ల బానిసలుగా కొని తెచ్చేది. వాళ్లకు ఈ కప్పం లెక్కలతో ఏం పని? ఈ ముట్టడిలో అన్నిటికన్నా ఘోరమైన అన్యాయం జరిగింది వాళ్లకే.

ఇంతలో ఫ్రెంచివాళ్లు తిరుచిరాపల్లి మీద పడడంతో మద్రాసు ఫోర్డును వెనక్కి పిలిచింది. మరుసటి ఏడు డిసెంబరులో అతడు చందుర్తి దగ్గర ఫ్రెంచి సేనను ఓడించి, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం పట్టుకున్నాడు.

ఫ్రెంచివారు మద్రాసును ముట్టడించి అక్కడా ఓడాక నజీబుల్లా గాలివాటం చూసి పక్షం మార్చాడు. నిన్నటి దాకా తన కొలువులో ఉన్న ఫ్రెంచివాళ్లను చంపించి ఇంగ్లీషువారితో రాజీపడ్డాడు. నమ్మి కొలిచినవాళ్లను చంపించడం ఏ లెక్కన చూసినా ద్రోహమే. అయినా నెల్లూరు అధికారం అతనికే దక్కింది. 1801 ఒడంబడికతో ఈ సీమ కంపెనీ పాలనలోకి వెళ్లింది.