అపశ్రుతి వినడానికి సముద్రాలు దాటారు

1978 సెప్టెంబర్‌లో ఓ అమెరికన్ రాక్ బ్యాండ్ పిరమిడ్ల ముందు మూడు రాత్రులు వాయించింది. వినడానికి అభిమానులు అమెరికా నుంచి విమానాలెక్కి వచ్చారు. కచేరీ అనుకున్నట్టు సాగలేదు. అయినా వచ్చినవాళ్లెవరూ నష్టపోలేదు.

*

కైరోలో ఓ ప్రభుత్వ కార్యాలయం. సంస్కృతి శాఖ అధికారి ఎదుట అమెరికన్లు బుద్ధిగా కూర్చున్నారు. ఒకాయన ఫిల్ లెష్, గ్రేట్‌ఫుల్ డెడ్ బ్యాండ్‌లో బేస్ గిటార్ ఆయనది. పక్కన మేనేజర్ రిచర్డ్ లోరెన్. అంతకుముందు ఈజిప్టు చూసొచ్చి, పిరమిడ్ల దగ్గర వాయిద్దామన్న పురుగును బ్యాండ్ బుర్రలోకి ఎక్కించింది ఈయనే.

జుట్టు పెంచుకున్న రాక్ వాద్యగాళ్లకు దాదాపు నాలుగున్నర వేల ఏళ్ల నాటి కట్టడాల దగ్గర ఏం పనని అడుగుతారేమోనని వాళ్ల భయం. అధికారి వేసిన ప్రశ్న వేరు. చోటు మారితే మీ సంగీతం మారుతుందా అన్నాడు. సరిగ్గా అందుకే ఇక్కడికి వస్తామంటున్నామని లెష్ జవాబు.

అనుమతి దొరికింది. రానూపోనూ ఖర్చంతా బ్యాండ్‌దే. టికెట్ల డబ్బు మాత్రం పురావస్తు శాఖకూ, దేశాధ్యక్షుడు అన్వర్ సాదత్ భార్య జెహాన్ సాదత్ నడిపే సేవాసంస్థకూ వెళ్తుంది.

ఒక పాట, వంద దారులు

గ్రేట్‌ఫుల్ డెడ్ 1965లో కాలిఫోర్నియాలో పుట్టింది. ఒక పాటను రెండు రాత్రులు ఒకేలా వాయించరని వాళ్లకు పేరుండేది. ఇవాళ పది నిమిషాల్లో ముగిసిన పాట రేపు అరగంట సాగొచ్చు. మధ్యలో ఇంకో పాటలోకి జారిపోనూవచ్చు. అందుకే వాళ్ల అభిమానులు, డెడ్‌హెడ్స్, ఒక్క కచేరీతో తృప్తిపడేవాళ్లు కాదు. బ్యాండ్ వెంట ఊరూరా తిరిగేవాళ్లు. కచేరీలను టేపుల్లో రికార్డు చేసుకుని ఒకరికొకరు ఇచ్చుకునేవాళ్లు. ఒకప్పుడు మన పల్లెల్లో అదే హరిశ్చంద్ర, అవే పద్యాలు అని తెలిసినా, ఇవాళ రాగం ఎంతసేపు తీస్తాడో విందామని పక్కూరికి బళ్లు కట్టుకుని పోయేవాళ్లు. ఆ పిచ్చే ఇదీనూ.

అలాంటివాళ్లకు పిరమిడ్లున్న గిజా పేరు చెవిన పడితే ఊరుకుంటారా? బయల్దేరారు. వాళ్లలో నవలాకారుడు కెన్ కెసీ ఉన్నాడు. బాస్కెట్‌బాల్ తార బిల్ వాల్టన్ ఉన్నాడు. అమెరికాలో పేరుమోసిన కచేరీల నిర్వాహకుడు బిల్ గ్రాహమ్‌కు ఈసారి నిర్వహణలో పనేమీ లేదు. ఆయనా మామూలు అభిమానిలాగే వచ్చాడు.

తంటాల మీద తంటాలు

సెప్టెంబర్ 14. స్ఫింక్స్ ఎదుట, పర్యాటకులకు సౌండ్ అండ్ లైట్ షో వేసే ఆరుబయలు వేదిక. ముందు వరుసల్లో సూట్లు వేసుకున్న కైరో పెద్దమనుషులు, వాళ్ల వెనక రంగురంగుల చొక్కాల అమెరికన్లు. కంచె అవతల ఇసుకలో గుర్రాల మీద, ఒంటెల మీద బెదూయిన్లు.

వేదిక మీద పరిస్థితి వేరు. డ్రమ్మర్ బిల్ క్రాయిట్జ్‌మన్ మణికట్టు విరిగింది. ఒంటి చేత్తోనే వాయిస్తున్నాడు. రెండో డ్రమ్మర్ మిక్కీ హార్ట్ ఉన్నాడు కాబట్టి సరిపోయింది. పియానో శ్రుతి తప్పింది, సరిచేసేవాడు లేడు. మహా పిరమిడ్ లోపలి రాజు గదిలోకి తీగలు లాగి, స్పీకరూ మైకూ పెట్టి, ఆ రాతి గదిలో మోగే ప్రతిధ్వనిని పాటల్లో కలపాలని చూశారు. అదీ పారలేదు.

సంగీతం తెలిసిన అభిమాని చెవికి ఇవన్నీ అందకుండా ఉండవు. కాలిఫోర్నియాలో వాళ్లు ఇంతకంటే బాగా వాయించిన రాత్రులెన్నో.

చంద్రుణ్ణి మింగిన రాత్రి

సెప్టెంబర్ 16, చివరి రాత్రి. మనకు భాద్రపద పౌర్ణమి. ఆ రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం.

మూడు రాత్రులూ బ్యాండ్‌తో పాటు వేదికెక్కినవాడు హంజా ఎల్ దిన్, ఈజిప్టు దక్షిణాన ఉన్న నూబియా గాయకుడు. ఆయన పుట్టిన తోష్కా గ్రామం అస్వాన్ డ్యామ్ ముంపులో పోయింది. ఊరు పోయినా ఊరి పాట ఆయన గొంతులో ఉంది. చేతిలో తార్ అనే డప్పు, చుట్టూ చప్పట్లతో తాళం వేస్తూ పాడే నూబియన్ల బృందం. అది అమెరికన్లు లెక్కపెట్టే తాళం కాదు. ఆ తాళం నడుస్తుండగానే జెర్రీ గార్సియా గిటార్‌తో మెల్లగా అందులోకి దిగుతాడు. మిగతావాళ్లూ ఒక్కొక్కరే వచ్చి కలుస్తారు. నూబియన్ల చప్పట్లు ఎక్కడ ఆగాయో, రాక్ పాట ఎక్కడ మొదలైందో చెప్పలేం.

ఆఫీసులో అధికారి అడిగిన ప్రశ్నకు అసలు జవాబు అదే. రాళ్ల వల్ల మారలేదు సంగీతం. రాజు గదిలోకి తీగలు లాగితే రానిది, ఆ నేల మనిషి పక్కన కూర్చుంటే వచ్చింది.

లెక్కలు తేలాక

 

ఈ యాత్ర మీద బ్యాండ్‌కు దాదాపు 5 లక్షల డాలర్లు ఖర్చయ్యాయి. కచేరీల రికార్డింగును ఆల్బమ్‌గా అమ్మి పూడ్చుకుందామనుకున్నారు. తిరిగొచ్చి టేపులు విన్నాక, ఇది జనానికి ఇచ్చే సరుకు కాదని పక్కన పడేశారు. చివరికది ‘రాకింగ్ ద క్రేడిల్’ పేరుతో 2008లో బయటికొచ్చింది. అప్పటికి గార్సియా చనిపోయి 13 ఏళ్లు. హంజా పోయి రెండేళ్లు.

ఇప్పుడా డిస్క్ ఎవరైనా కొనుక్కుని వినొచ్చు. పియానో శ్రుతి తప్పిన సంగతి మనకూ వినిపిస్తుంది, ఇంట్లో కూర్చుని తప్పులెంచడమూ తేలికే. కానీ ఇంతకంటే గొప్పగా వాయించిన రాత్రుల టేపులు డెడ్‌హెడ్స్ ఇళ్లలో అప్పటికే బోలెడు ఉన్నాయి. మంచి వాయింపు ఒక్కటే కావాలనుకుంటే వాళ్లు గుమ్మం దాటక్కర్లేదు. ఆ రాత్రి ఏం జరుగుతుందో బ్యాండ్‌కే తెలియని చోట, బ్యాండ్‌తో పాటు ఉండటానికే వాళ్లు టికెట్ కొనుక్కున్నారు.