చారిత్రక ఆధారంగా పాత కారు చక్రం
పాత కారు చక్రం కూడా చారిత్రక ఆధారమే. బ్రిటన్‌లోని కోవెంట్రీలో సైకిళ్లు తయారుచేసే రడ్జ్-విట్‌వర్త్ సంస్థ 20వ శతాబ్దపు తొలి దశకంలో, కారు నుంచి సులభంగా ఊడదీయగల స్పోకుల చక్రాన్ని రూపొందించింది. మధ్యలోని ఒకే నట్టు విప్పితే చక్రం ఊడివస్తుంది.

ఇలాంటి చక్రాన్ని గుర్తించడానికి మీరు ముందుగా హబ్‌ను పరిశీలించాలి. లోపలి పళ్లు, 42 లేదా 52 మిల్లీమీటర్ల వంటి కొలతలు, చెక్కిన ముద్రలు దాని రకాన్ని తెలుపుతాయి. స్పోకులు, రిమ్ము తరువాత మార్చినవి కావచ్చు. కేవలం వాటినిబట్టి కాలాన్ని నిర్ణయించరాదు.

విలువ కట్టేటప్పుడు మెరుపు కంటే అసలు భాగాలే ముఖ్యం. పళ్లు బాగా అరిగిన చక్రం ప్రయాణానికి పనికిరాదు. అయినా ఆధారంగా నిలుస్తుంది. తుప్పు వదిలించబోయి ముద్రలను అరగదీస్తే ఆ ఆధారమే చెరిగిపోతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి: చక్రం కాలనిర్ణయంలో రిమ్ము కంటే హబ్ ఎందుకు నమ్మదగినది?