రౌతు కన్ను గుర్రం కాలి మీద

బెంగళూరు హైవే మీద కొత్తకోట దాటేవాళ్లకు ఇప్పుడు గుర్రం కనిపించాలంటే పెళ్లిళ్ల రోజులు రావాలి. నెత్తిన కుచ్చు, మెడలో పూసలు, నాలుగు కాళ్లకూ గజ్జెలు. బ్యాండు జోరెక్కేకొద్దీ అది డాంబర్ రోడ్డు మీదే చిందులేస్తుంది. కాళ్ల అలంకారం మీద ఇంత ఖర్చుపెట్టే యజమాని, వాటికి దెబ్బ తగలకుండా ఏం కట్టాలని ఎప్పుడైనా ఆలోచించాడా అంటే అనుమానమే. ఒకప్పుడు ఈ నేల మీద ఆ ఆలోచన రాజ్యానికి సంబంధించినది.

కృష్ణకు అటూ ఇటూ ఉన్న ఈ ప్రాంతం గుర్రపు డెక్కల చప్పుడు చాలా విన్నది. 1520లో శ్రీకృష్ణదేవరాయలు, ఆదిల్‌షాహీలు తలపడ్డ రాయచూరు ఇక్కడికి దూరమేమీ కాదు. తర్వాత కాలంలో గద్వాల, వనపర్తి సంస్థానాలు సొంత సేనలను పోషించుకున్నాయి. సుగూరు సంస్థానంగా మొదలై వనపర్తి పేరుతో స్థిరపడిన కొలువుది ఇందులో ఒక విచిత్రమైన అధ్యాయం. అక్కడి రాజులు ఆఫ్రికా మూలాలున్న సిద్దీలతో అశ్వదళం తయారుచేయించారు. ఆ దళం తర్వాత నిజాం దగ్గరికి చేరింది. హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అనే బస్తీ ఉంది కదా, ఆ ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. 1948 పోలీసు చర్య తర్వాత దళం పోయింది, బస్తీ మిగిలింది. పెళ్లిళ్లలో వాయించే మర్ఫా దరువు కూడా సిద్దీల నుంచి వచ్చిందే. వనపర్తి రాజభవనంలో ఇప్పుడు పాలిటెక్నిక్ పిల్లలు చదువుకుంటున్నారు.

గుర్రం విలువ ఎంతో చెప్పడానికి గద్వాల వైపు ఒక కథ ఉంది. కోట కట్టించిన సోమనాద్రికీ కర్నూలు నవాబుకూ తుంగభద్ర ఒడ్డున నిడుదూరు దగ్గర యుద్ధం జరిగింది. ఆ పోరులో సోమనాద్రి గుర్రం శత్రువుల చేతికి చిక్కింది. దాన్ని తెస్తానని ఒక సేవకుడు మారువేషంలో నవాబు విడిదికి వెళ్లి, గుర్రాల దగ్గర గడ్డివాములో నక్కాడు. చీకట్లో సైసు వచ్చి గుర్రాన్ని కట్టడానికి గూటం దిగ్గొట్టాడు. అది నేరుగా గడ్డి కింద ఉన్నవాడి అరచేతిలోంచి భూమిలోకి దిగింది. మనిషి కిక్కురుమనలేదు. సైసు వెళ్లాక, గూటం ఊడదీస్తే చప్పుడవుతుందని తన చేతినే నరుక్కుని, గుర్రమెక్కి యజమాని దగ్గరికి చేరాడట. ఎంత వరకు చరిత్రో, ఎంత వరకు కథకుల చేతివాటమో ఎవరి ఇష్టం వాళ్లది. మనిషి చేయి పోయినా సరే గుర్రం తిరిగి రావాలని నమ్మిన లోకం మాత్రం నిజం.

అంతటి గుర్రం అక్కరకు రాకుండా పోయేది ఎక్కువగా కత్తి దెబ్బకు కాదు, కుంటితనానికి. పదమూడో శతాబ్దంలో దక్షిణాదికి వచ్చిన మార్కోపోలో, అరేబియా నుంచి ఓడల్లో వేలకు వేలు దిగుమతైన గుర్రాలు సంరక్షణ తెలిసినవాళ్లు లేక ఏడాది తిరక్కుండానే చచ్చిపోతున్నాయని రాశాడు. లాడాలు కొట్టేవాళ్లను, వైద్యులను ఇక్కడికి రానివ్వకుండా చూసుకునేది గుర్రాల వర్తకులేనని కూడా అన్నాడు. చచ్చినకొద్దీ కొత్తవి అమ్ముడుపోతాయి మరి! మనవాళ్లూ ఊరికే కూర్చోలేదు. సంస్కృతంలో శాలిహోత్రుడి పేర అశ్వశాస్త్రం ఉంది, తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ విలాసము రాశాడు. గుర్రం కొనబోయేవాడు సుడులు, రంగు, నడక చూసి మంచిచెడ్డలు లెక్కవేసేవాడు. నన్నడిగితే సుడి తర్వాత, ముందు కాలు.

తబేలాలో నిలబడ్డ గుర్రం ముందు కాలి మోకాటి కింద చేయి పెట్టి నిమిరితే సంగతి తెలుస్తుంది. మోకాలు దాటాక కండ అనేదే లేదు. ముందు వైపు సన్నటి ఎముక, వెనక వైపు బిగించిన తాడులా తగిలే నరాలు, పైన పల్చటి తోలు. వైద్యులు టెండన్లు అనే ఆ తాళ్లే దౌడులో స్ప్రింగుల్లా సాగి ముడుచుకుంటాయి. ఒంటి బరువులో నూటికి అరవై పాళ్లు పడేది ముందు కాళ్ల మీదే. దౌడు తీసే గుర్రం వెనక గిట్ట ముందుకొచ్చి ముందు కాలి మడమను కొట్టుకోవచ్చు. పక్క కాలి లాడం లోపలివైపు కీలును గీరవచ్చు. అడ్డుకర్ర ఎముకకు తగలవచ్చు. ఈ మూడు దెబ్బలూ తగిలే చోటు వేరు, తీరు వేరు. రక్షణ ఎంచుకోవడంలో అసలు కిటుకు ఇక్కడే ఉంది. ముందు దెబ్బ ఎక్కణ్నుంచి వస్తుందో చూసుకోవాలి, సరుకు సంగతి తర్వాత. కొట్లో నచ్చిన రంగు బూటు కొనుక్కొచ్చి, అది దేనికి పనికొస్తుందో ఆనక అడిగేవాళ్లను నేను చూశాను.

నిజాం సైన్యంలో గుర్రపుస్వారీ ఆటగా మారింది పందొమ్మిదో శతాబ్దం చివర్లో. సైన్యాధిపతి అఫ్సర్‌ ఉల్ ముల్క్‌కు పోలో అన్నా, దౌడులో బల్లెంతో గూటం పొడిచే నేజాబాజీ అన్నా ప్రాణం. గోల్కొండ అశ్వదళం పోలో జట్టుకు దేశమంతా పేరుండేది. పోలోలో గుర్రం కాలికి ముప్పు నాలుగు వైపుల నుంచి వస్తుంది. బంతి తగలొచ్చు, మ్యాలెట్ తగలొచ్చు, పక్క గుర్రం గిట్ట తగలొచ్చు, సొంత గిట్టే తగలొచ్చు. అందుకే నాలుగు కాళ్లకూ పట్టీలో బూట్లో కట్టకుండా గుర్రాన్ని మైదానంలోకి దించకూడదన్న నియమం ఈనాటికీ ఉంది. తోకను కూడా మడిచి కట్టేస్తారు, మ్యాలెట్‌కు చుట్టుకోకుండా. సిపాయి తన పిక్కకు చుట్టుకున్నదీ, గుర్రం కాలికి చుట్టినదీ ఒకే రకం గుడ్డపట్టీ. ఆ పిక్కపట్టీని హిందుస్థాన్ నుంచే ఇంగ్లీషువాళ్లు ప్రపంచానికి మోసుకెళ్లారు.

ఆ పట్టీ కట్టడం చూడటానికి సులువు, చేతికి రావడం కష్టం. సుమారు మూడు మీటర్ల మెత్తటి గుడ్డను ముందే బిగువుగా చుట్టపెట్టుకోవాలి. మోకాటి దిగువన, నరం మీద కాకుండా ఎముక పక్కన కొస పెట్టి మొదలుపెట్టాలి. ఎముక ముందు నుంచి బయటి వైపుగా వెనక్కి, అక్కణ్నుంచి లోపలి వైపుగా ముందుకు తిప్పాలి. అంటే ఎడమ కాలికి అపసవ్యంగా, కుడి కాలికి సవ్యంగా. ప్రతి చుట్టూ ముందు చుట్టును సగం కప్పాలి. గిట్ట పైకీలు దాకా దిగి మళ్లీ పైకెక్కాలి. ముడి గానీ, అంటించే కొస గానీ బయటి వైపే ఉండాలి. ఒక్క చుట్టు బిగుసుకుంటే ఆ గీత వెంట నరం నలుగుతుంది. వదులైతే దౌడులో జారి కాళ్లకే చుట్టుకుంటుంది, గుర్రమూ రౌతూ కలిసి దొర్లుతారు. అడ్డదిడ్డంగా కట్టిన పట్టీ కంటే బోసికాలు వెయ్యి రెట్లు నయం. ఇందులో నాకు రెండో మాట లేదు.

యుద్ధంలో ఈ వైభోగం లేదు. హైదరాబాద్ కంటింజెంట్ నుంచి పుట్టిన 20వ డెక్కన్ హార్స్ 1916 జూలై 14న ఫ్రాన్సులో, సోమ్ యుద్ధంలో హైవుడ్ దగ్గర బల్లేలు పట్టుకుని మెషీన్‌గన్ల మీదికి దూకింది. హైదరాబాద్ లాన్సర్లు సూయజ్ కాలువ దగ్గర కాపు కాశారు. 1918 సెప్టెంబరు 23న జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు హైఫాను పట్టుకున్నప్పుడు అదే బ్రిగేడ్‌లో ఉన్నారు. ఆనాటి ఫోటోల్లో అశ్వదళాల గుర్రాల కాళ్లు చాలావరకు బోసిగానే కనిపిస్తాయి. రోజుల తరబడి నడక, ఇసుక, బురద. పట్టీలోకి దూరిన ఇసుక గరుకు కాగితంలా తోలును ఒలుస్తుంది. తడిసిన గుడ్డ కాసేపు బరువెక్కి, ఆరుతూ బిగుస్తుంది. ఢిల్లీ తీన్‌మూర్తి చౌరస్తాలో ఈ మూడు సంస్థానాల సైనికుల కంచు విగ్రహాలు నిలబెట్టారు. వాళ్ల గుర్రాలకు మాత్రం చోటు దక్కలేదు.

ఇప్పటి పోటీల్లో ఆటను బట్టి కాలి తొడుగు మారుతుంది. డ్రెసాజ్‌లో గుర్రం నడకే పరీక్ష కాబట్టి బరిలోకి వెళ్లేటప్పుడు కాళ్లకు ఏదీ ఉండకూడదు. 2023 సెప్టెంబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన జట్టు ఆ విభాగంలో స్వర్ణం గెలిచినప్పుడు చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 1982 తర్వాత గుర్రపుస్వారీలో మనకు దక్కిన మొదటి స్వర్ణమది. ఈవెంటింగ్‌లో ఒకే గుర్రం మూడు పరీక్షలు దాటాలి. డ్రెసాజ్‌లో బోసికాళ్లు, క్రాస్‌కంట్రీలో గట్టి పెంకున్న బూట్లు, జంపింగ్‌లో ఇంకో రకం. 2018లో బెంగళూరు కుర్రాడు ఫవాద్ మీర్జా సెన్యూర్ మెడికాట్ అనే గుర్రం మీద వ్యక్తిగత రజతం తెచ్చింది ఈ ఆటలోనే. క్రాస్‌కంట్రీలో దుంగలు కదలవు, తగిలితే గుర్రమే తగ్గాలి. కాబట్టి ముందు ఎముకను కాచే పెంకు తప్పదు. నీళ్ల గుంటల్లో దిగి లేస్తుంది కాబట్టి బూటు నీళ్లు పీల్చకూడదు. జంపింగ్‌లో కర్ర తగిలితే పడిపోతుంది. అక్కడ ముందు కాలికి వెనక నరాన్ని కాచి ముందు వైపు తెరిచి ఉండే బూటు వాడతారు. కర్ర తగిలిన సంగతి గుర్రానికి తెలియాలి, తెలిస్తేనే రెండోసారి కాలు ఎత్తుతుంది. వెనక గిట్ట మడమను కొట్టుకునే అలవాటున్న గుర్రానికి గంట ఆకారంలో గిట్టను కప్పే రబ్బరు తొడుగు వేరే ఉంది.

మన దగ్గర ఇంకో లెక్క కూడా వేసుకోవాలి, అది ఎండ. దౌడు తీస్తున్న గుర్రం ముందు కాలి నరం లోపల వేడి 45 డిగ్రీల దాకా పోతుందని 1994లో విల్సన్, గుడ్‌షిప్ అనే పరిశోధకులు కొలిచి చూపించారు. ఆ వేడిని తోడేయడానికి అక్కడ నెత్తురు ప్రసరణ తక్కువ, గాలి తగలడమే దిక్కు. పైన నియోప్రీన్ బూటు బిగిస్తే ఆ గాలీ ఉండదు. పాలమూరులో ఏప్రిల్ మధ్యాహ్నం నీడలోనే నలభై దాటుతుంది. యూరప్ చలికి తయారైన మందపాటి బూటు, లోపల గొర్రె ఉన్ని పరిచినదైతే మరీనూ, ఇక్కడి గుర్రానికి శిక్షే. గాలి ఆడే రంధ్రాలున్నది కొనుక్కోవాలి, స్వారీ అవగానే జీను కంటే ముందు కాళ్లవి విప్పాలి, చన్నీళ్లు పోయాలి. రోజువారీ నడక, దుల్కీలకైతే, తిన్నగా అడుగేసే గుర్రానికి ఏమీ కట్టనక్కర్లేదు. మా ఎర్ర చెల్కల్లో గరుసు ఎక్కువ, బూటు అంచులోంచి ఒక్క రాయి దూరినా గంటలో పుండు పడుతుంది.

కొలత కూడా అంతే ముఖ్యం. మార్వారీ, కాఠియావాడీ గుర్రాల కాలి ఎముక సన్నం. విదేశీ జాతుల కొలతకు చేసిన బూటు వాటి కాలి మీద గిర్రున తిరుగుతుంది. మోకాటికీ గిట్ట పైకీలుకూ మధ్య చుట్టుకొలత, పొడవు టేపు పెట్టి చూసుకుని వెళ్లాలి. రైడింగ్ స్కూళ్లలో కనిపించే గుర్రాల్లో చాలావరకు పందేల్లోంచి తప్పుకున్నవే. హైదరాబాద్‌లో అయితే మలక్‌పేట ట్రాకు మీద పరుగెత్తినవి. అలాంటివాటి నరాల్లో పాత వాపు దాగి ఉండొచ్చు. దాన్ని ఏ బూటూ మోయలేదు. నరానికి ఊతం ఇస్తుందని పెట్టె మీద రాసి అమ్మేవాళ్లను నమ్మకండి. పైనుంచి పడే దెబ్బను బూటు ఆపగలదు గానీ, అర టన్ను ఒంటి బరువుతో లోపల నరం సాగడాన్ని ఆపలేదు.

బూటు మీద కొత్తగా వచ్చిన పేచీ వేరు. జంపింగ్‌లో వెనక కాళ్లకు బూటు బిగించి కడితే ఆ ఇబ్బందికి గుర్రం కాళ్లు మామూలు కంటే పైకి విసురుతుంది, కర్ర పడదు, రౌతు గెలుస్తాడు. కొందరు దీన్నే విద్యగా చేసుకున్నారు. అందుకని అంతర్జాతీయ గుర్రపుస్వారీ సమాఖ్య ఎఫ్ఈఐ మెల్లగా పగ్గం బిగించింది. మొదట పిల్లల, యువకుల పోటీల్లో, చివరికి 2021 నుంచి అన్ని అంతర్జాతీయ జంపింగ్ పోటీల్లో వెనక బూటు కీలు లోపలివైపును కాచేదిగానే ఉండాలి. లోపలి పొడవు 16 సెంటీమీటర్లు దాటకూడదు. లోపలి ముఖం నున్నగా ఉండాలి. సాగే పట్టీలు పనికిరావు. ఒక్కో కాలికి ఉన్నదంతా కలిపి, లాడం కాకుండా, 500 గ్రాములు మించకూడదు. బరి బయట స్టీవార్డు గుర్రాన్ని ఆపి, బూటు విప్పించి, లోపల వేలు పెట్టి తడిమి చూస్తాడు, అనుమానం వస్తే త్రాసు తెప్పిస్తాడు.