ఆర్బిట్: ఎర్ర ఉక్కులో ఎవరి జ్ఞాపకం?

2009 జనవరి. దావోస్‌లో ప్రపంచ ఆర్థిక వేదిక సమావేశాలు జరుగుతున్నాయి. అతిథులు చలికోట్లు వదిలి వెళ్ళే గదిలో లండన్ మేయర్ బోరిస్ జాన్సన్‌కి ఉక్కు వ్యాపారి లక్ష్మీ మిట్టల్ తారసపడ్డాడు. ఒలింపిక్ పార్కులో పెద్ద కట్టడం ఒకటి పెట్టాలని ఉంది, ఉక్కు కావాలి అన్నాడు మేయర్. ఇస్తానన్నాడు మిట్టల్. మొత్తం సంభాషణకి 45 సెకన్లు పట్టిందట. ఆ మాట జాన్సనే తర్వాత గొప్పగా చెప్పుకున్నాడు.

ఆ 45 సెకన్ల ఫలితం తూర్పు లండన్‌లోని స్ట్రాట్‌ఫర్డ్‌లో, 2012 ఒలింపిక్స్‌కి కట్టిన స్టేడియం పక్కనే ఉంది. పేరు ఆర్సెలర్‌మిట్టల్ ఆర్బిట్. ఎత్తు 114.5 మీటర్లు. ఎర్రరంగు ఉక్కు గొట్టాలు ఒకదాన్నొకటి చుట్టుకుంటూ, ఎక్కడా తిన్నగా నిలబడకుండా, ఇప్పుడే పడిపోతుందేమో అన్నట్టు ఉంటుంది. దాదాపు 2,000 టన్నుల ఉక్కు. శిల్పి అనీష్ కపూర్ పుట్టింది ముంబైలో, ఇంజనీరు సెసిల్ బాల్మండ్ శ్రీలంకలో, డబ్బు పెట్టినాయన రాజస్థాన్‌లో. బ్రిటన్‌లోకెల్లా ఎత్తయిన శిల్పం వెనక మన వైపు వాళ్ళే ముగ్గురున్నారని కావాలంటే మురిసిపోవచ్చు.

ఈ శిల్పం మీద రెండు గొడవలు జరిగాయి. మొదటిది అందరికీ వినిపించింది. రెండోది చాలా తక్కువమందికి. నాకు ముఖ్యమనిపించేది రెండోదే గానీ, మొదటిది తెలియకపోతే అది ఎందుకు వినిపించలేదో అర్థం కాదు.

మొదటి గొడవ అందం గురించి, డబ్బు గురించి. 2010 మార్చి 31న నమూనా బయటపెట్టిన రోజునే మేయర్ నవ్వుతూ ఉపమానాలు గుప్పించాడు: సంగీతంలో వాడే ట్రెబుల్ క్లెఫ్ గుర్తు, తిరనాళ్ళలో ఉండే జారుడు గోపురం, రూపం మారిపోయిన రాక్షస ట్రాంబోన్, ప్రపంచంలోనే పెద్ద హుక్కా. ఎవరికి ఏది కావాలంటే అది అనుకోండి అన్నట్టు. వెక్కిరించేవాళ్ళకి ఇక వెతుక్కునే పనే లేకుండా పోయింది. కపూర్ మాత్రం ఆకాశాన్ని అందుకోవాలనే పాతకాలపు ఆశ గురించి, బేబెల్ గోపురం గురించి మాట్లాడాడు. ఈ రెండు మాటలనీ పక్కపక్కన పెట్టి చూడండి. కట్టించినవాడు దాన్ని ఒక తమాషాగా అమ్ముతున్నాడు. చేసినవాడు పురాణంగా చూస్తున్నాడు. ఇది దేని గుర్తు, ఎవరి కోసం, అని అడిగితే మాత్రం ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

డబ్బు సంగతి. మొత్తం ఖర్చు 2 కోట్ల 27 లక్షల పౌండ్లు. అందులో 1 కోటి 96 లక్షల దాకా మిట్టల్ కంపెనీది, మిగతా 31 లక్షలు లండన్ డెవలప్‌మెంట్ ఏజెన్సీది, అంటే ప్రజలది. కంపెనీ పెట్టిన సొమ్మంతా దానం కాదు. కొంత విరాళం, కొంత అప్పు. టికెట్ల మీద లాభం వస్తే ఆ అప్పు తీర్చాలి. దేశం మాంద్యంలో ఉంది, ఖర్చుల కోతలు మొదలవుతున్నాయి, ఇప్పుడిది అవసరమా అని జనం అడిగారు. స్ట్రాట్‌ఫర్డ్ వాళ్ళకి ఇంకో లెక్క కూడా గుర్తుంది. ఈ పార్కు కోసమే 2007లో క్లేస్ లేన్ అనే సహకార గృహ సముదాయాన్ని ఖాళీ చేయించారు. నాలుగొందలమందికి పైగా ఇళ్ళు పోయాయి. మేనర్ గార్డెన్ అనే చోట తరాలుగా కూరగాయలు పండించుకుంటున్న మడులు కూడా పోయాయి. అలాంటి నేల మీద లేచిన శిల్పం పైకెక్కడానికి ఒలింపిక్స్ రోజుల్లో పెద్దవాళ్ళకి టికెట్ 15 పౌండ్లు, పార్కులోకి వచ్చే టికెట్ కాక.

ఇలాంటి చోట ఎప్పుడూ ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: ఐఫిల్ టవర్‌ని కూడా తిట్టారుగా! నిజమే, తిట్టారు. 1887 ఫిబ్రవరి 14న ‘ల తాఁ’ పత్రికలో మొపాసా, ఒపేరా భవనం కట్టిన గార్నియే లాంటివాళ్ళు సంతకాలు చేసిన నిరసన లేఖ అచ్చయింది. కానీ దాన్నుంచి తీయాల్సిన పాఠం వేరు. ఐఫిల్ టవర్‌కి అనుమతి ఇచ్చింది 20 ఏళ్ళకే. ఆ తర్వాత కూడా అది నిలిచిందంటే, జనం అభిరుచి మారడం ఒక్కటే కారణం కాదు. వైర్‌లెస్ సంకేతాలు పంపడానికి అంత ఎత్తు పనికొచ్చింది. సైన్యానికి అది అవసరమైంది. అంటే, ఆ టవర్ బతకడానికి తనకో పని వెతుక్కుంది.

ఆర్బిట్‌కీ పని వెతకాల్సొచ్చింది. 2014 ఏప్రిల్‌లో తిరిగి తెరిచాక అనుకున్నంతమంది రాలేదు. 2014-15లో 5 లక్షల 20 వేల పౌండ్ల నష్టం. దాంతో మేయర్ జారుడుబల్ల పెట్టాలన్నాడు. ఇది నా మీద రుద్దారని కపూరే చెప్పాడు. రుద్దినదాన్ని ఎలాగోలా కళగా మలచాలని కార్స్‌టెన్ హోలర్ అనే కళాకారుణ్ణి పిలిచాడు. 2016 జూన్‌లో 178 మీటర్ల పొడవు జారుడుగొట్టం తెరిచారు. పన్నెండు మెలికలు, దాదాపు 40 సెకన్లు. దావోస్‌లో ఉక్కు కుదరడానికి పట్టిన టైమూ, పైనుంచి కిందికి జారడానికి పట్టే టైమూ ఇంచుమించు ఒకటే. జారుడుబల్ల వచ్చాక కూడా అప్పు తీరలేదు. వడ్డీతో కలిసి కోటి పౌండ్లు దాటిపోయింది.

మొదటి గొడవ ఇంతవరకే. బాగుందా, బాలేదా, గిట్టుబాటైందా, లేదా. శిల్పాల మీద ఏ ఊళ్ళో గొడవ జరిగినా దాదాపు ఈ రెండు ప్రశ్నల దగ్గరే ఆగిపోతుంది. ఈ ఉక్కు ఎక్కణ్ణుంచి వచ్చిందన్న ప్రశ్న ఈ రెంటిలోనూ లేదు. రెండో గొడవ అక్కడ మొదలవుతుంది. దానికోసం లండన్ వదిలి బోస్నియా వెళ్ళాలి.

బోస్నియా వాయవ్య మూలన ప్రియెదోర్ అనే పట్టణం. దానికి దగ్గర్లో ఒమార్‌స్కా ఇనుప గని. 1992లో యుద్ధం మొదలయ్యాక, మే నుంచి ఆగస్టు దాకా, బోస్నియన్ సెర్బ్ బలగాలు ఈ గని ప్రాంగణాన్ని నిర్బంధ శిబిరంగా వాడాయి. ఖనిజం లారీలు బాగుచేసుకునే షెడ్లలో, ఆఫీసు గదుల్లో వేలమంది బోస్నియాక్ ముస్లింలనీ క్రొయేషియన్లనీ కుక్కారు. కొట్టారు, ఆకలితో మాడ్చారు, అత్యాచారాలు చేశారు. వందలమందిని చంపారు. ‘తెల్ల ఇల్లు’ అని పిలిచే చిన్న భవనంలోకి తీసుకెళ్ళినవాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు. ఆగస్టు మొదట్లో ఎడ్ వల్లియామీ, పెన్నీ మార్షల్, ఇయాన్ విలియమ్స్ అనే బ్రిటిష్ జర్నలిస్టులు అక్కడికి వెళ్ళగలిగాక గానీ ఈ సంగతి ప్రపంచానికి తెలియలేదు. తర్వాత హేగ్ ట్రిబ్యునల్‌లో ఒమార్‌స్కా నేరాల మీద విచారణలు జరిగాయి, శిక్షలు పడ్డాయి.

2004లో ఈ గనుల్లో 51 శాతం వాటాని మిట్టల్ కంపెనీ కొన్నది. తవ్వకం మళ్ళీ మొదలైంది. తెల్ల ఇంటి దగ్గర స్మారకం కడతామని 2005లో కంపెనీ ఒప్పుకుంది. స్థానిక సెర్బుల నుంచి వ్యతిరేకత వచ్చింది. 2006లో ఆ పని ఆగిపోయింది. స్థానికులందరూ ఒక మాట మీదికొస్తేనే కడతామన్నది ఆ తర్వాత కంపెనీ వైఖరి. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ చంపినవాళ్ళ పక్షమూ, చచ్చినవాళ్ళ పక్షమూ ఒక మాట మీదికి రావాలంటే ఎన్నాళ్ళు పడుతుంది? ఈలోగా గని కంపెనీ ఆస్తిగా ఉండేది. తమవాళ్ళు పోయిన చోటికి వెళ్ళాలంటే కంపెనీ అనుమతి కావాల్సి వచ్చేది.

2012 జూలైలో, ఒలింపిక్స్ ఇంకొన్ని వారాల్లో ఉన్నాయనగా, ఒమార్‌స్కా నుంచి బతికి బయటపడ్డవాళ్ళు కొందరు లండన్ వచ్చారు. గోల్డ్‌స్మిత్స్ కాలేజీ పరిశోధకులు ఎయాల్ వైజ్‌మన్, సూజన్ షుప్లీ లాంటివాళ్ళు వాళ్ళకి తోడు నిలిచారు. ఆర్బిట్‌లో ఒమార్‌స్కా ఖనిజం ఉందని వాళ్ళ వాదన. గని అధికారే ఆ మాట తమతో చెప్పాడన్నారు. కంపెనీ ఖండించింది.

ఇందులో ఎవరి మాట నిజమో ఆ ఉక్కుని చూసి తేల్చలేం. ఇంజనీరింగ్‌లో చదువుకున్న చిన్న సంగతి ఒకటి ఇక్కడ పనికొస్తుంది. ఉక్కు కొన్నప్పుడు ఇచ్చే సర్టిఫికెట్ మీద ‘హీట్ నంబర్’ ఉంటుంది. అది ఏ కొలిమిలో ఏ విడతలో కరిగిందో దాంతో కనుక్కోవచ్చు. దానికి ముందు సంగతి ఆ నంబరు చెప్పదు. కొలిమిలో పడ్డాక ఖనిజానికి ఊరు పోతుంది. పైగా, కంపెనీకి ప్లాంట్లున్న ప్రతి ఖండం నుంచీ గుర్తుగా కొంత ఉక్కు ఈ శిల్పంలో కలుపుతున్నామని ముందు గొప్పగా చెప్పింది కంపెనీయే. ప్రపంచమంతా ఇందులో ఉంది అన్నప్పుడు, మా ఊరు కూడా ఉందా అని ఎవరో ఒకరు అడుగుతారు కదా.

ఆ వచ్చినవాళ్ళు శిల్పాన్ని కూల్చెయ్యమనలేదు. పేరు మార్చారు. మా నేల మీద మాకు స్మారకం కట్టుకోనివ్వడం లేదు కాబట్టి, ఇదే మా స్మారకం, ప్రవాసంలో ఉన్న స్మారకం అని ప్రకటించారు. ఒమార్‌స్కాలో అసలైనది కట్టేదాకా దీన్ని అలాగే పిలుస్తామన్నారు.

ఆర్బిట్ గురించి వచ్చిన విమర్శలన్నిటిలోకీ గొప్ప విమర్శ ఇదేనని నా అభిప్రాయం. హుక్కా, ట్రాంబోన్ అన్నవాళ్ళు దాని ఆకారానికి పేర్లు పెట్టారు. వీళ్ళు దాని పదార్థానికి పేరు పెట్టారు. ఏ అర్థమూ లేకుండా కట్టిన గుర్తులో ఖాళీ ఉంటుంది. మేయర్ ఆ ఖాళీని జోకులతో నింపాడు, కంపెనీ తన పేరుతో నింపింది. అదే ఖాళీలోకి బాధితులు కూడా వచ్చి కూర్చున్నారు. గుర్తు అందరిదీ అన్నప్పుడు వాళ్ళని లేవమనే హక్కు ఎవరికుంది? మరుసటి ఏడాది, 2013లో, ప్రియెదోర్ దగ్గర తొమాషిత్సా అనే పాత గని ప్రాంతంలో నాలుగొందలకి పైగా మృతదేహాలున్న సామూహిక సమాధి బయటపడింది. వాళ్ళకి మన్నూ మనుషులూ కలిసిపోవడం కవిత్వంలో ఉపమానం కాదు.

ఇదంతా ఎక్కడో యూరప్ గొడవ అనిపిస్తే, అరకు రైలు ఎక్కినవాళ్ళు కిటికీలోంచి చూసింది గుర్తు తెచ్చుకోండి. ఎదురుగా బైలదిల్లా ఖనిజంతో పెద్ద పెద్ద గూడ్సు బళ్ళు దిగుతుంటాయి. కొత్తవలస-కిరండూల్ లైను వేసిందే ఆ ఖనిజం కోసం. అదే కిరండూల్ నుంచి విశాఖకి 267 కిలోమీటర్ల గొట్టంలో ఖనిజం బురదలా పారుతూ వస్తుంది. 2019లో ఎస్సార్ స్టీల్‌తో పాటు ఆ గొట్టం కూడా, జపాన్ భాగస్వామితో కలిసి, ఇదే ఆర్సెలర్‌మిట్టల్ చేతికి వచ్చింది. రేపు ఆ ఉక్కుతో ఎక్కడ ఏ విగ్రహం లేచినా, ఎంత ఎత్తు, ఎంత ఖర్చు అని ఎలాగూ మాట్లాడుకుంటాం. ఖనిజం ఎక్కడిది, తవ్విన చోట ఎవరుండేవారు అని కూడా అడగొచ్చు.

ఇప్పుడు ఆ లండన్ స్టేడియంలో వెస్ట్ హామ్ ఫుట్‌బాల్ క్లబ్బు అద్దెకు ఆడుతుంది. మ్యాచ్ రోజుల్లో వేలమంది ఆర్బిట్‌ని చూస్తూ లోపలికి వెళ్తారు. పిల్లలు గొట్టంలో కేకలు పెడుతూ జారతారు. జారనివ్వండి, అందులో తప్పేం లేదు. ఒమార్‌స్కాలో మాత్రం ఏటా ఆగస్టు 6న, శిబిరం సంగతి లోకానికి తెలిసిన రోజుల గుర్తుగా, బతికినవాళ్ళూ చనిపోయినవాళ్ళ పిల్లలూ తెల్ల ఇంటి ముందు చేరతారు. 2005లో వాళ్ళకిచ్చిన మాట అలాగే మిగిలిపోయింది.